తొలిముద్దకు ఆకలి లేదు

మొదటి సూది, మంగళవారం

ఆస్పత్రి గదికి వెనక దారిన వెళ్ళాను. ముందు దారిలో పంపుల షిఫ్టువాళ్ళు తమ హాజరు బిళ్లలు మేకులకు తగిలిస్తూ నిలబడి ఉంటారు. వాళ్ళలో ఒక్కరి కంట పడినా మధ్యాహ్నం బువ్వ వేళకు ఈ గనిలో ఉండే మూడువందల ఎనభై మందికీ తెలిసిపోతుంది. వెనక దారి తాతల నాడు బొగ్గు తవ్విన సందు, దాన్ని ఎవరూ వెడల్పు చెయ్యలేదు. రెండుచోట్ల ఊపిరి బిగబట్టి పక్కకు తిరిగి దూరాను. ఒకచోట ఇరుక్కుని, ఇక్కడే ఉండిపోతే ఎవరిని కేకెయ్యాలా అని ఆలోచించాను. సన్నబడటానికి వెళ్ళే దారి కూడా సన్నవాళ్ళ కోసమే పెట్టినట్టుంది.

ఎస్తేరు సిస్టర్ నన్ను బల్ల మీద కూచోబెట్టి, పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని సూది వేసింది. చీమ కుట్టినంత కూడా లేదు. ఈ మందు ఆమె ఆస్పత్రి తొట్టిలోనే పులిసి తయారవుతుంది. పైనుంచి గనిలోకి దిగినప్పుడు పెద్దలు తెచ్చుకున్న కాగితాల్లో ఆ పద్ధతి ఉందట. ఇప్పటిదాకా చక్కెర జబ్బున్న ఇద్దరికే ఇచ్చింది. వారానికొకటి. మొదటి నాలుగు వారాలు చిన్న మోతాదు, ఐదో వారం రెట్టింపు. కడుపులో తిప్పుతుందని, చెమటలు పట్టొచ్చని, నాలుగు ముద్దలకే చాలనిపిస్తుందని చెప్పింది. నన్ను తూకం ఎక్కించి నూట నాలుగు అని రాసుకుంది. ఆ అంకె పైకి చదవనందుకు ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

మోకాళ్ళ కోసమే అని రెండుసార్లు చెప్పాను. ఆమె అడగలేదు, నేనే చెప్పాను.

చివర్లో అసలు మాట అంది. మందు మొదలుపెట్టినవాళ్ళు తొలిముద్దగా, అందరికన్నా ముందు తిని చూసే మనిషిగా, ఉండకూడదు. నాలుగు నెలలు నా బదులు బదిలీ మనిషి తినాలి. బోర్డు మీద రాశావా అని అడిగింది. రేపు రాస్తానన్నాను.

మొదటి సూది, నాలుగో రోజు

రాయలేదు.

సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డ మాట నిజం. అది తినే హాలు గుమ్మం పక్కనే ఉంది. తొలిముద్ద సెలవు పెడితే కారణం రాయాలి, అది మా గని కట్టుబాటు. తలనొప్పి మాత్ర వేసుకున్నా రాయాల్సిందే. మేం కిందికి దిగిన రెండో ఏడు, అప్పటి తొలిముద్ద చిటికెడు నోట్లో వేసుకుని బాగుందంటే, కంచాల నిండా తిన్న నలభై మంది ఒక్కరోజులో పోయారు. దీపాల కింద, తడి గడ్డిలో పండించే తిండిలో ఏం కలిసి మొలుస్తుందో ఎవరికి తెలుసు? అప్పట్నుంచి తొలిముద్ద అందరికీ పెట్టినంతా పెట్టించుకుని కంచం ఖాళీ చెయ్యాలి. తిన్నాక గుమ్మంలో పీట మీద అందరికీ కనబడేలా గంటసేపు కూచోవాలి. ఒంట్లో ఏ తేడా లేకపోతే లేచి, అక్కడ వేలాడే రైలు పట్టా ముక్కను సుత్తితో మోగించాలి. పట్టా మోగేదాకా ఈ గనిలో ఎవరూ ముద్ద ముట్టరు.

పంతొమ్మిదేళ్ళుగా నేనే తొలిముద్ద. రోజుకు రెండు పూటలు, ఆకలి ఉన్నా లేకపోయినా నిండు కంచం. ఈ ఒళ్ళు ఊరికే రాలేదు. నాకు గౌరవం తెచ్చిందీ ఈ ఒళ్ళే. కొమురక్క పీట మీద కూచుందంటే మనకు భయం లేదని పిల్లలకు చెప్పి నిద్రపుచ్చుతారు. ఆ చెప్పేవాళ్ళే, మనుషులను పైకి లాగే ఇనప తొట్టి దగ్గర, కొమురక్క ఎక్కితే ఇద్దరు దిగాలని నవ్వుతారు. పోయిన నెల నిజంగానే ఇద్దరిని దింపారు. అందులో ఒకామెకు ఎనిమిదో నెల. ఆమె నూట పన్నెండు మెట్లు నడుం పట్టుకుని ఎక్కుతుంటే నేను తొట్టిలో కూచుని చూశాను.

ఇప్పుడు బోర్డు మీద ఏమని రాయను? తిండి లేక జనం చస్తే మిగిలినవాళ్ళు దిగిన గనిలో, ఆకలి చంపుకోవడానికి సూది వేయించుకుంటున్నానని రాయనా? ఇక్కడ బువ్వ వద్దన్నవాళ్ళను పొగరుబోతులంటారు. నా బదిలీ భాగ్య అటుగా వెళ్తూ ఏం రాస్తున్నావక్కా అని అడిగింది. ఇవాళ్టి కూర పేరు అన్నాను. నిజంగానే చిక్కుడు కూర అని రాసి వచ్చేశాను.

రెండో సూది, ఆరో రోజు

కంచం ముందు నేనెప్పుడూ భయపడలేదు. ఇవాళ భయపడ్డాను. జొన్న గటక, పప్పు, బచ్చలికూర. ఆరో ముద్దకు గొంతు మూసుకుపోయింది. ఆకలి తీరడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఇది అది కాదు. ఆకలి అనే మనిషే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది. మిగతాదంతా నీళ్ళతో మింగాను.

తొలిముద్ద వంటగదిలో తింటుంది. అక్కడ నేను, వంట ఓదెలు తప్ప ఎవరూ ఉండరు. ఓదెలు కంచం నా ముందు పెట్టి గోడవైపు తిరిగి నిలబడతాడు. తినేవాళ్ళ కంచంలోకి చూస్తే దిష్టి, తొలిముద్ద కంచంలోకి చూస్తే గని మొత్తానికి దిష్టి. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అతను తల తిప్పలేదు. ఇవాళ నేను మామూలుకంటే రెండింతలు సేపు తిన్నాను. అతను అలాగే గోడను చూస్తూ నిలబడ్డాడు.

మూడో సూది, మూడో రోజు

తప్పు చేశాను. రాసుకుంటే కాస్త తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

ఎనిమిది ముద్దలు తిని మిగతాది కొంగులో కట్టిన సంచిలోకి తోశాను. ఓదెలు గోడ వైపే ఉన్నాడు. బయటికి వెళ్ళేటప్పుడు ఎరువు గంపలో కుమ్మరించి పైన ఆకులు కప్పాను. పీట మీద కూచుని గంట తర్వాత పట్టా మోగించాను. అందరూ తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో నాకు ధైర్యం వచ్చింది, అసలు చేటు అదే.

సాయంత్రం ఎస్తేరు సిస్టర్ తూకం వేసి నూటొకటి అని రాసుకుంది. భాగ్య మంచిగా తింటోందా అని అడిగింది. సిస్టర్ తిండి రోగులతోపాటు క్యారియర్‌లో ఆస్పత్రికే వెళ్తుంది, ఆమె హాలు మొహం చూసి ఏడాదై ఉంటుంది. బ్రహ్మాండంగా తింటోందని చెప్పాను. వచ్చేటప్పుడు వెనక దారిలో ఒకచోట పక్కకు తిరగకుండానే నడిచాను. సంతోషమేసింది. అలా సంతోషించినందుకు ఇది రాస్తుంటే చెంప పగలగొట్టుకోవాలనుంది.

ఐదో సూది, మర్నాడు, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న మోతాదు రెట్టింపైంది. పొద్దున్నుంచే కడుపులో తిప్పుతోంది. మధ్యాహ్నం పుట్టగొడుగుల కూర. నాలుగు ముద్దలు తిన్నాను, మిగతాది సంచిలోకి పోయింది. పీట మీద కూచున్న ఇరవై నిమిషాలకు నోట్లో నీళ్ళు ఊరడం మొదలైంది. మింగితే మళ్ళీ ఊరుతోంది. మెడ వెనక నుంచి చెమట. దీపాలు రెండేసి కనబడ్డాయి. సిస్టర్ చెప్పింది ఇదే కదా అనుకున్నాను. సూది అనుకున్నాను. ఆ ఒక్క మాట అనుకుని కూచున్నాను.

హాల్లో ముందు వరసలో ఎప్పుడూ లచ్చన్న, రాజవ్వ కూచుంటారు. పంపులన్నీ బిగించిన మనిషి లచ్చన్న, డెబ్బై దాటాయి, గుండె బలహీనం. రాజవ్వ ఆయన భార్య. ఆమె నన్ను చూసి లేచి వచ్చింది. చెమటలేంది బిడ్డా అని తన కొంగుతో విసిరింది. పొయ్యి సెగ అన్నాను. పాపం మా కోసం ఎంత ఉడుకుతున్నవో అని ఇంకాసేపు విసిరి వెళ్ళి కూచుంది.

గంటయింది. లేచి పట్టా మోగించాను.

మొదట పిల్లలకు మొదలైంది. తర్వాత అందరికీ. నోటివెంట నీళ్ళు, కళ్ళ నీళ్ళు, వాంతులు, పూసలు జారినట్టు చెమటలు. అరవై ఒక్క మంది పడిపోయారు. మిగతావాళ్ళు కూర తక్కువ తిన్నవాళ్ళో, ఇంకా మొదలుపెట్టనివాళ్ళో. ఎస్తేరు సిస్టర్ దగ్గర విరుగుడు సూదులు ఇరవై ఉన్నాయి. ఎవరికి వెయ్యాలో, ఎవరిని ఆపాలో ఆమె ఒక్కతే నిలబడి నిర్ణయించింది. నేను బిందెతో నీళ్ళు మోశాను. నా చెమటలు అప్పటికే ఆగిపోయాయి. నేను తిన్నది నాలుగు ముద్దలే కదా.

ఐదో సూది, మూడో రోజు

లచ్చన్న పొద్దున పోయాడు. గుండె నెమ్మదించి, నెమ్మదించి ఆగిపోయిందని సిస్టర్ చెప్పింది. ఆయనకు విరుగుడు సూది వేసింది, కాని ఆలస్యమైంది.

మధ్యాహ్నం హాల్లో విచారణ. గని పెద్ద సర్దార్ మొగిలయ్య. మంచివాడు, తొందరపడడు. వాళ్ళ ఆలోచన నా కళ్ళముందే నడిచింది, ఒక్కొక్క అడుగూ సరిగ్గానే ఉంది. తొలిముద్ద నిండు కంచం తిన్నది. గంట కూచున్నది. ఏమీ కాలేదు. అంటే ఆమె తిన్నప్పుడు కూర మంచిదే. అంటే పుట్టగొడుగుల మడులూ మంచివే. చెడు ఏదైనా కలిసి ఉంటే ఆమె తిన్న తర్వాతే కలిసింది. ఆ గంటలో కూర గుండిగ దగ్గర ఉన్నది ఎవరు? ఓదెలు.

ఏం కలిపావని అడిగారు. చిక్కబడితే రెండు చెంబుల వేణ్ణీళ్ళు పోశానన్నాడు. ఇంకేం కలిపావు? ఏమీ లేదు. కూర చాలక పాత కూర గానీ, ఏరని పుట్టగొడుగులు గానీ వేశావా? లేదన్నాడు. గొంతు పెంచలేదు. అప్పుడు సర్దార్ నా వైపు తిరిగాడు.

"కొమురక్కా, నీకేమన్న అయ్యిందా? జర మంచిగ యాది చేసుకోని చెప్పు."

హాలంతా నన్నే చూస్తోంది. రాజవ్వ లేదు, శవం దగ్గర ఉంది. చూసేవాళ్ళందరిలో ఓదెలు మాత్రం నన్ను చూడలేదు. ఎప్పటిలాగే గోడ వైపు చూశాడు.

"ఏం కాలే" అన్నాను.

రెండు మాటలు. పంతొమ్మిదేళ్ళుగా రోజుకు రెండుసార్లు అన్న మాటే, నోరు దానంతట అదే అనేసింది. ఇలా రాస్తే నా తప్పు కాదన్నట్టుంది. నోరు కాదు, నేనే అన్నాను.

ఐదో సూది, ఐదో రోజు

ఓదెలుకు ఏడాది పాటు పై షిఫ్టు వేశారు. మంగళవారం పొద్దున తొట్టి ఎక్కాలి. పైన ఎండ యాభై ఆరు డిగ్రీలు. సౌర పలకల మీద దుమ్ము తుడవాలి. పోయినసారి ఏడాది ముగించి దిగినతనికి ఇప్పుడు వెలుతురు, చీకటి మాత్రమే తెలుస్తాయి. మనిషిని చేతులతో తడిమి గుర్తుపడతాడు.

సాయంత్రం ఎస్తేరు సిస్టర్ నా గదికి వచ్చింది. ఎప్పుడూ రాదు. తలుపు గడియ పెట్టి నిలబడే మాట్లాడింది. విచారణ సంగతి ఆమెకు ఇవాళే తెలిసిందట. మూడు రోజులుగా ఆమె ఆస్పత్రి దాటలేదు, భాగ్యే తిన్నదనుకుంది. నేను తలెత్తలేదు.

"కంచం మొత్తం తిన్నవా?" అని అడిగింది.

"నాలుగు ముద్దలు."

"చెమటలు పట్టినయా?"

తలూపాను.

ఆమె అరిస్తే బాగుండునని కోరుకున్నాను. రోగి సంగతి బయటపెట్టనని ఆమె ప్రమాణం చేసింది. అది తప్పితే రేపటినుంచి ఏ ఆడదీ తన నొప్పి చెప్పుకోవడానికి ఆ గదికి రాదు. అయినా సరే, మంగళవారం తొట్టి కదిలే ముందు నా నోటితో రాకపోతే ఆమె నోటితో వస్తుందని చెప్పింది. గడియ తీసి వెనక్కి తిరిగింది.

"ఇంకొకటి. నువ్వు మంచిగున్నదన్నవు కాబట్టి ఆ మడులను ఎవ్వలు చూస్తలేరు. మంగళారం మల్ల అదే మడి కోస్తరట."

ఒక్క అబద్ధంతో అయిపోయిందనుకున్నాను. నా అబద్ధం ఆ మడుల్లో ఇంకా పెరుగుతూనే ఉంది.

ఐదో సూది, ఆరో రోజు

ఓదెలు గదికి వెళ్ళాను. పైకి వేసుకెళ్ళే మందపు బట్టలు ఇచ్చారు, చేతుల దగ్గర పొడుగైతే మడిచి కుట్టుకుంటున్నాడు. కూచోమని తన దుప్పటి పరిచాడు. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను. నీళ్ళు తాగుతావా అని అడిగాడు. అప్పుడు చెప్పేశాను. సూది, సంచి, నాలుగు ముద్దలు, చెమటలు, విచారణలో అబద్ధం. ఏడవకుండా చెప్పాను. ఏడిస్తే అతను నన్ను ఓదార్చే రకం. అది కూడా అతని చేత చేయించుకోకూడదనుకున్నాను.

అతను సూది దారంలో ముడి వేసి, పంటితో కొరికి, బట్ట పక్కన పెట్టాడు.

"సూది సంగతి తెల్వదక్కా. తింటలేవని తెల్సు. ఎరువు గంప మోసేది నేనే గద."

"ఎన్నొద్దుల సంది తెల్సు?"

"రెండు వారాలు దాటె."

"మరి విచారణల ఎందుకు చెప్పలే?"

కాసేపు గోరుతో దుప్పటి గీరాడు. "కడుపుల ఏదో పెద్ద రోగమొచ్చిందనుకున్న. ఒకల కంచంల ఏమున్నదో నలుగుట్ల చెప్పుడు నాతోని కాదు. నువ్వే చెప్తవనుకున్న. ఆ దినం అడిగినప్పుడు చెప్తవనుకున్న. నిన్న చెప్తవనుకున్న. ఇయ్యాల తలుపు కొడితె, ఆ, వచ్చిందనుకున్న."

అంతే. తిట్టలేదు. నన్ను మనసులో ఎక్కడో పైన పెట్టుకున్నవాడికి తిట్టడం రాదు కాబోలు. ఇంత మనిషిని, ఇంత బరువు మనిషిని, విచారణ నాటి నుంచి అతను నమ్మకంగా మోస్తున్నాడు. నాకు అక్కడే నేల తెరుచుకుంటే బాగుండుననిపించింది. మాకు పైన కూడా నేలే, కిందా నేలే, ఎటూ దాక్కునే చోటు లేదు.

ఆరో సూది రోజు, మంగళవారం

తొట్టిని మధ్యాహ్నం బువ్వ తర్వాతకి మార్చారు, పై షిఫ్టుకు పోయేవాడికి కడుపు నింపి పంపడం ఆనవాయితీ. వంటగదిలో ఓదెలు లేడు. కొత్త మనిషి కంచం పెట్టి గోడ వైపు తిరిగాడు. గటక మీద పుట్టగొడుగుల కూర.

ముట్టుకోలేదు. ఆ కంచం రెండు చేతులా పట్టుకుని హాల్లోకి నడిచాను. తొలిముద్ద కంచం గుమ్మం దాటి హాల్లోకి రావడం ఎవరూ చూసి ఎరగరు. మాటలు వరసల వారీగా ఆగిపోయాయి. కంచం సర్దార్ మొగిలయ్య ముందు బల్ల మీద పెట్టి, ఎవరూ దీన్ని తినొద్దన్నాను.

తర్వాత చెప్పాను. ఓదెలుకు చెప్పినంత తేలిగ్గా రాలేదు. సంచి గురించి చెప్పడం కష్టమనుకున్నాను, అది గబగబా వచ్చేసింది. సన్నబడాలని సూది వేయించుకున్నాను అనే ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఒక మనిషి పోయాడు, ఇంకొక మనిషి కళ్ళు పోబోతున్నాయి, నేనేమో అక్కడ కూడా నా ఒంటి గురించే సిగ్గుపడుతున్నాను. అది గమనించాక ఇంకా సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే చెప్పేశాను.

సర్దార్ చాలాసేపు కంచంలోకి చూశాడు. దిష్టి సంగతి ఆయనకు గుర్తు లేదు, ఎవరికీ లేదు.

"ఆనాడు నేను అడిగితె ఏమన్నవ్?"

"ఏం కాలే అన్న."

"ఇప్పుడు చెప్పు. ఏమయ్యింది?"

అన్నీ చెప్పాను. నోట్లో నీళ్ళు, చెమట, రెండు దీపాలు. ఇరవై నిమిషాలకే మొదలయ్యాయని కూడా చెప్పాను. మిగతా నలభై నిమిషాలు ఏం చేశావని ఎవరో వెనక నుంచి అడిగారు. కూచున్నానన్నాను.

ఎవరూ కొట్టలేదు, కేకలెయ్యలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే తల్లులు ఊరుకోబెట్టారు. మొగిలయ్య నలుగురిని మడులకు పంపాడు. ఆరో వరసలో, కొత్త గడ్డి పరిచినచోట, మంచి పుట్టగొడుగుల మధ్యన చిన్న తెల్లటివి దొరికాయి. రెండింటినీ పక్కపక్కన పెడితే ఎస్తేరు సిస్టర్ కూడా రెండుసార్లు చూడాల్సి వచ్చింది. గుండిగలోది మొత్తం పారబోశారు. ఆ పూట గని అంతా ఉత్త గటక తిన్నది. అది కూడా భాగ్య నిండు కంచం తిని, గంట కూచుని, పట్టా మోగించాకే.

ఓదెలు మందపు బట్టలు విప్పి వంటగదికి వెళ్ళాడు. నా ముందు నుంచే వెళ్ళాడు. ఇప్పుడైనా ఏదో ఒకటి అంటే బాగుండును.

ఏడో సూది రోజు

పై షిఫ్టు నాకు వేస్తారనుకున్నాను. మోకాళ్ళు సౌర పలకల నిచ్చెన ఎక్కవని, పడిపోతే ఇంకొకరు మొయ్యాలని వెయ్యలేదు. శిక్షకు కూడా పనికిరాని ఒళ్ళు. కంచాలు కడిగే పని ఇచ్చారు, మధ్యాహ్నం మూడువందల డెబ్బై తొమ్మిది, సాయంత్రం మూడువందల డెబ్బై తొమ్మిది. తొలిముద్ద ఇకమీదట ముగ్గురు. ఒకరి మాట చాలదని తేల్చారు.

సూది మానేస్తానని ఎస్తేరు సిస్టర్‌కు చెప్పాను. మానేస్తే కాస్త పాపం తగ్గుతుందని మనసులో ఉంది. ఆమె ఆ సంగతి పట్టేసింది.

"మందేం తప్పు చెయ్యలే. నువ్వు చేసినవ్. నీ రక్తంల చక్కెర ఎంతున్నదో నీకు తెల్సా? బల్లెక్కు."

ఈసారి ముందు దారిన వెళ్ళాను. పంపుల షిఫ్టువాళ్ళు బిళ్లలు తగిలిస్తూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒక్కరూ పలకరించలేదు.

పద్నాలుగో సూది, రెండో రోజు

తొంభై. సిస్టర్ ఇప్పుడు అంకె పైకే చదువుతుంది. నూట పన్నెండు మెట్లు మధ్యలో ఒక్కసారి ఆగి ఎక్కగలుగుతున్నాను. రవికెలు రెండు విప్పి మళ్ళీ కుట్టుకున్నాను. హాల్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఓదెలు అవసరమైనప్పుడు మాట్లాడతాడు, అక్కా అని కూడా అంటాడు. నేను కడుగుతున్న కంచాల వైపు మాత్రం చూడడు.

రాజవ్వ రెండు నెలలుగా హాలుకు రాలేదు. పక్క గది వాళ్ళు తిండి తీసుకెళ్ళి ఇస్తున్నారు. ఇవాళ వచ్చింది. అదే ముందు వరసలో, పక్కన ఖాళీ వదిలి కూచుంది. నేను గిన్నెల వెనక వంగి కూచున్నాను, ఆమె కంట పడకూడదని. తిన్నాక కంచం తీసుకుని వరసలో నిలబడింది. ఇంకో కుళాయికి మారిపోదామనుకున్నాను గానీ అప్పటికే నా ముందుకు వచ్చేసింది.

కాళ్ళ మీద పడాలని నెలల తరబడి అనుకున్నాను. చేతులు సబ్బులో ఉన్నాయి. లేవలేకపోయాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కోపంగా కాదు. చాలా రోజులకు కనబడ్డవాళ్ళను ఇంటి మనిషి చూసినట్టు చూసింది.

"సన్నబడ్డవ్ బిడ్డా" అంది.

మోకాళ్ళ కోసం కాదు. ఎస్తేరు సిస్టర్‌కు రెండుసార్లు చెప్పింది, ఈ పుస్తకంలో రాసుకున్నది, రెండూ అబద్ధం. ఈ ఒక్క మాట కోసం వేయించుకున్నాను. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, నన్ను చూసి ఈ మాట అనాలని. నా పెళ్ళినాడు కూడా ఎవరూ అనలేదు. ఈ గనిలో మూడువందల డెబ్బై తొమ్మిది మంది ఉంటే, ఈమె అన్నది.

రాజవ్వ కంచం నా చేతికి ఇచ్చింది. ఆమె చేతి గాజులు తీసేసిన చోట మణికట్టు ఎముక పొడుచుకొచ్చి ఉంది.

"నేను గూడ సన్నబడ్డ" అంది. "నాకు సూది గూడ అక్కెర లేకపాయె."

ఆమె వెళ్ళిపోయింది. కంచంలో గటక మూడు వంతులు అలాగే ఉంది.